ఖాళీ అని తేలేదాకా ఎరుపే: నమూనా రైలుమార్గంలో పనిచేసే సిగ్నళ్లు

నమూనా రైలుమార్గాన్ని చూడవచ్చినవాళ్ల కళ్లు ముందుగా ఇంజన్ల మీద, వంతెనల మీద, పచ్చరంగు పూసిన కొండల మీద నిలుస్తాయి. పట్టాల పక్కనుండే చిన్న సిగ్నల్ స్తంభం చాలా చోట్ల అలంకారంగానే మిగిలిపోతుంది; అందులో దీపం వెలుగుతున్నా, ఆ వెలుగుకూ రైలుకూ సంబంధం ఉండదు. ముందున్న దారి స్థితిని బట్టి ఆ దీపం తనంతట తానే రంగు మార్చుకునేలా చేయాలని కూర్చుంటే, రంగు ఎంచుకోవడం ఈ పనిలో అన్నిటికంటే సులువైన భాగమని త్వరలోనే బోధపడుతుంది. రైలు ఎక్కడుందో తెలుసుకోవడమూ, తెలియనప్పుడు ఏం చేయాలో ముందుగానే నిర్ణయించి పెట్టుకోవడమూ అసలు పని.

నిజమైన రైల్వేలు ఈ సమస్యకు 150 ఏళ్ల కిందటే ఒక అద్భుతమైన పరిష్కారం కనుక్కున్నాయి. అమెరికాకు చెందిన విలియం రాబిన్సన్ 1872లో పేటెంటు పొందిన ట్రాక్ సర్క్యూట్‌లో పట్టాలే తీగలు. కొంత పొడవు గల పట్టాలను ఇరువైపులా మిగతా మార్గం నుంచి విద్యుత్తు దాటకుండా విడదీసి, ఒక చివర బ్యాటరీని, రెండో చివర రిలేను (కరెంటు పారితే కదిలే స్విచ్చును) కలుపుతారు. దారి ఖాళీగా ఉన్నంతసేపూ కరెంటు ఒక పట్టా మీదుగా వెళ్లి, రిలే చుట్టలోంచి పారి, రెండో పట్టా మీదుగా తిరిగివస్తూ రిలేను ఎత్తి పట్టుకుంటుంది. రైలు ఆ ముక్క మీదికి రాగానే చక్రాలూ ఇరుసూ రెండు పట్టాలనూ కలిపేస్తాయి. కరెంటు ఆ దగ్గరిదారినే పోతుంది, రిలే పడిపోతుంది, సిగ్నల్ ఎరుపవుతుంది. పట్టా విరిగినా, తీగ తెగినా, బ్యాటరీ అయిపోయినా జరిగేది అదే. దారి ఖాళీగా ఉందని చెప్పడానికి అన్నీ సక్రమంగా పనిచేయాలి. ఏ ఒక్కటి పాడైనా ఎరుపు దానంతటదే వస్తుంది.

నమూనా రైలుమార్గంలో ఈ ఏర్పాటును యథాతథంగా దించడం కష్టం, ఎందుకంటే ఇక్కడ ఇంజను మోటారుకు కావలసిన కరెంటు కూడా ఆ పట్టాల మీదనే రావాలి. బాగా వ్యాప్తిలో ఉన్న హెచ్‌ఓ కొలతలో నమూనా అసలు రైలులో 87వ వంతు ఉంటుంది, పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. ఇప్పటి లేఅవుట్లలో ఎక్కువగా వాడే డీసీసీ అనే డిజిటల్ పద్ధతిలో పట్టాల మీద ఎప్పుడూ సుమారు 14 వోల్టులు ఉంటాయి. ఆ వోల్టేజి దిశ సెకనుకు వేలసార్లు తిరగబడుతుంది, ఎంతసేపటికి తిరగబడిందన్న దానిలోనే ఆజ్ఞలు ఇమిడి ఉంటాయి: 58 మైక్రోసెకన్ల చొప్పున రెండు సగాలు వస్తే అది ఒకటి అనే అంకె, 100 మైక్రోసెకన్లు లేదా అంతకు మించి వస్తే అది సున్నా. ప్రతి ఇంజనులోనూ ఉండే డీకోడరు తన నంబరుకు వచ్చిన ఆజ్ఞను మాత్రమే అమలు చేస్తుంది.

ఇటువంటి మార్గంలో రైలును కనిపెట్టడానికి సాధారణంగా మార్గాన్ని బ్లాకులనే ముక్కలుగా విడదీసి, ఒక్కో బ్లాకుకు వెళ్లే తీగను చిన్న కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్ గుండా గానీ, ఎదురెదురుగా కట్టిన డయోడ్ల మీదుగా గానీ పంపి, అందులో కరెంటు పారుతోందా లేదా అని చూస్తారు. ఇంజను ఆగి ఉన్నా దాని డీకోడరు కొంత కరెంటు తీసుకుంటూనే ఉంటుంది కాబట్టి అది దొరికిపోతుంది. పెట్టెలతోనే చిక్కు. రెండు పట్టాలూ కలిసిపోకుండా వాటి ఇరుసుల మీద ఒక చక్రాన్ని విద్యుత్తు దాటకుండా అమరుస్తారు, అందువల్ల పెట్టె ఏ కరెంటునూ తీసుకోదు. దీనికి విరుగుడుగా బియ్యపుగింజ కంటే చిన్నదైన 10 కిలోఓముల రెసిస్టరును ఇరుసుకు అంటించి, దాని రెండు కొనలను విద్యుత్తు ప్రవహించే రంగుతో అటు చక్రానికీ ఇటు ఇరుసుకూ కలుపుతారు. అప్పుడు 14 వోల్టుల దగ్గర 1.4 మిల్లీ ఆంపియర్లు పారుతుంది. ఆ కరెంటును పసిగట్టే పరికరం, అంటే డిటెక్టరు, మంచిదైతే దానికి అది చాలు. కనీసం ఆఖరి పెట్టెకైనా ఈ ఏర్పాటు ఉండాలి, లేకపోతే ఇంజను పక్క బ్లాకులోకి దాటిన క్షణాన వెనక ఇంకా సగం రైలు నిలిచి ఉన్న బ్లాకు ఖాళీగా నమోదవుతుంది.

రాబిన్సన్ తర్కం ఇక్కడ పూర్తిగా తలకిందులైందని గమనించాలి. నిజమైన మార్గంలో కరెంటు ఉంటే ఖాళీ; నమూనా మార్గంలో కరెంటు ఉంటే రైలు. తీగ ఊడినా, రెసిస్టరు రాలిపోయినా, డిటెక్టరు చెడిపోయినా నమూనా మార్గం "దారి ఖాళీ, పచ్చ వెలిగించు" అనే చెబుతుంది. పరికరాల్లో లేని జాగ్రత్తను ప్రోగ్రాములో పెట్టవలసి వస్తుంది, నా దృష్టిలో ఈ అభిరుచిలోని విజ్ఞానమంతా ఇక్కడే ఉంది.

ఆ జాగ్రత్తల్లో మొదటిది, బ్లాకుకు రెండే స్థితులు ఉంటాయని అనుకోకపోవడం. రైలుంది, లేదు అన్నవాటితో పాటు "తెలియదు" అన్న మూడో స్థితిని ప్రోగ్రాము గుర్తుంచుకోవాలి, సిగ్నల్ లెక్కలో దాన్ని రైలున్నట్టే పరిగణించాలి. డిటెక్టరు బోర్డు కొద్ది క్షణాలకోసారి తన ఉనికిని తెలియజేస్తూ ఉండాలి. ఆ కబురు ఆగిపోతే దాని కింది బ్లాకులన్నీ "తెలియదు"లోకి వెళ్లిపోవాలి. రెండోది కాలానికి సంబంధించినది. పట్టాల మీద దుమ్ము, చక్రాల మీద జిడ్డు పేరుకున్నప్పుడు కరెంటు తెగుతూ అతుకుతూ ఉంటుంది, దాన్ని ఉన్నదున్నట్టు నమ్మితే సిగ్నల్ ఎరుపుకూ పచ్చకూ మధ్య మినుకుమినుకుమంటుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగాన్ని 87తో భాగిస్తే నమూనా రైలు సెకనుకు 19 సెంటీమీటర్లు కదులుతుంది. రైలు వచ్చిందన్న కబురును వెంటనే నమ్మి, వెళ్లిపోయిందన్న కబురును రెండు సెకన్లపాటు ఆగకుండా వచ్చాకే నమ్మితే, వెనక వచ్చే రైలు ఈలోగా 40 సెంటీమీటర్లు కూడా రాదు. ఎరుపు ఆలస్యమైతే ప్రమాదం, పచ్చ ఆలస్యమైతే కొద్దిపాటి నిరీక్షణ మాత్రమే. కాబట్టి రెండు ఆలస్యాలూ సమానంగా ఉండనక్కరలేదు. మూడోది కాస్త సూక్ష్మమైనది: రైలున్న బ్లాకు ఖాళీ అయితే దాని పక్క బ్లాకుల్లో ఏదో ఒకటి అంతకుముందే నిండి ఉండాలి. పక్కన ఎక్కడా కనిపించకుండా రైలు మాయమైతే అది వెళ్లిపోలేదు, దాన్ని చూసే కన్ను పోయిందన్నమాట. అటువంటప్పుడు మనిషి వచ్చి చూసేదాకా ఆ బ్లాకును నిండినట్టే ఉంచాలి.

ఇవి కుదిరాక రంగు లెక్క తేలికే, అయితే దానిలోనూ వరుస ముఖ్యం. ప్రతి సిగ్నల్‌నూ ముందు ఎరుపుగా అనుకోవాలి. దాని ముందున్న బ్లాకు ఖాళీ అని రుజువైతేనే, పాయింట్లు (రైలును ఒక దారి నుంచి మరో దారికి మళ్లించే కదిలే పట్టాలు) సరైన వైపు కుదిరి ఉంటేనే, దాన్ని పసుపుకు తీసుకురావాలి; దాని తర్వాత వచ్చే సిగ్నల్ ఎరుపు కాదని తేలితేనే పచ్చకు ఎత్తాలి. వరసగా నాలుగు బ్లాకులున్నాయని, నాలుగో దానిలో రైలుందని అనుకుందాం. నాలుగో బ్లాకు మొదట్లో ఉన్న సిగ్నల్ ఎరుపు, మూడో బ్లాకు ముందుది పసుపు, రెండో బ్లాకు ముందుది పచ్చ. మన రైల్వేల్లోని ఆటోమేటిక్ సెక్షన్లలో మాదిరిగా నాలుగు సూచనలు కావాలంటే ఆ రెండో సిగ్నల్ జంట పసుపు అవుతుంది, మొదటిది పచ్చ. లెక్క ఎప్పుడూ రైలు నుంచి వెనక్కి నడుస్తుంది, ఒక బ్లాకు స్థితి మారితే దాని సిగ్నల్, ఆపై దాని వెనకది, ఆపై ఇంకా వెనకది మళ్లీ లెక్కకు వస్తాయి. పచ్చతో మొదలుపెట్టి, ప్రమాదం కనిపించినప్పుడు ఎరుపుకు దించేలా రాసినా పైకి ఇవే రంగులు వస్తాయి. కానీ రాయడం మరచిపోయిన సందర్భం ఏదైనా ఎదురైతే మొదటి ప్రోగ్రాము ఎరుపు చూపిస్తుంది, రెండోది పచ్చ చూపిస్తుంది.

పాయింట్ల విషయంలో మరో మెలిక ఉంది. మెయిన్ లైనుకు తిప్పమని ఆజ్ఞ ఇచ్చినంత మాత్రాన పాయింట్లు తిరిగినట్టు కాదు. మోటారు తడబడి ఉండవచ్చు, మధ్యలో రాయి అడ్డుపడి ఉండవచ్చు. అందుకే మంచి సాఫ్ట్‌వేర్ ఇచ్చిన ఆజ్ఞను ఒకచోట, పాయింట్ల దగ్గరున్న స్విచ్చు చెప్పిన వాస్తవ స్థితిని మరోచోట దాచుకుంటుంది, ఆ రెండూ ఏకమయ్యేదాకా సిగ్నల్‌ను ఎరుపులోనే ఉంచుతుంది. పాయింట్ల మీద రైలున్నంతసేపూ వాటిని తిప్పే ఆజ్ఞను అసలు స్వీకరించదు.

సింగిల్ లైను వచ్చేసరికి ఇంతవరకూ చెప్పిన తర్కం సరిపోదు. రెండు స్టేషన్ల మధ్య ఆరు బ్లాకులున్నాయనుకుంటే, ఈ చివర నుంచి ఒక రైలు, ఆ చివర నుంచి ఒక రైలు ఒకేసారి బయలుదేరినప్పుడు, ఇద్దరికీ ముందున్న బ్లాకు ఖాళీగానే కనిపిస్తుంది. నిబంధన ప్రకారమే ఇద్దరికీ పచ్చ వస్తుంది, తర్వాత పసుపు, చివరికి మధ్యలో ఎదురెదురుగా రెండు ఎరుపుల దగ్గర ఇద్దరూ ఆగిపోతారు. ఢీకొనరు గానీ, ఎవరో ఒకరు వెనక్కి పోతేనే కథ కదులుతుంది. దీనికి మందు, ఆ ఆరు బ్లాకులకూ కలిపి "ప్రయాణ దిశ" అన్న ఒకే ఒక్క చలరాశిని పెట్టడం. ఆరూ ఖాళీగా ఉన్నప్పుడే దిశను నిర్ణయించవచ్చు. ఒకసారి నిర్ణయమయ్యాక ఎదురు దిశలోని సిగ్నళ్లన్నీ అవతలి స్టేషన్ దాకా ఎరుపుకు పడిపోతాయి. ఆఖరి పెట్టె కూడా బయటపడితే తప్ప దిశ మారదు. అదే దిశలో వెనకనుంచి వచ్చే రెండో రైలుకు మాత్రం బ్లాకు బ్లాకుకూ దారి దొరుకుతుంది. సింగిల్ లైన్లలో డ్రైవరు చేతికి అనుమతిగా ఇచ్చే నీల్స్ బాల్ టోకెన్ అనే లోహపు గుండు ఎదురు రైలు రాకుండా కాపాడినట్టే, ఇక్కడ ఆ చలరాశి కాపాడుతుంది.

సిగ్నళ్లు పనిచేయడం మొదలయ్యాక, ఏ రైలు ఎక్కడుందో తెరమీద చూడాలని ఎవరికైనా అనిపిస్తుంది. దూరాన కూర్చున్న ఒక మనిషి మార్గమంతా దీపాలతో కనిపించే బోర్డు ముందు రైళ్లను నడిపించే సీటీసీ పద్ధతి 1927లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో స్టాన్లీ, బెర్విక్‌ల మధ్య తొలిసారి అమలైంది. మన స్టేషన్లలోని ప్యానెల్ మీద కూడా దారి కుదిరితే తెల్ల దీపాల వరుస, రైలు ఎక్కితే ఎర్ర దీపాల వరుస కనిపిస్తుంది. అయితే ఎర్ర దీపం ఒక రైలుందని చెబుతుందే తప్ప అది ఏ రైలో చెప్పదు. ఈ భేదం చాలా ముఖ్యమైనది: బ్లాకు నిండిందన్నది డిటెక్టరు కొలిచి చెప్పిన విషయం, రైలు పేరు ప్రోగ్రాము ఊహించి చెప్పిన విషయం.

ఆ ఊహ ఇలా సాగుతుంది. మొదట ఒక మనిషి ఒక బ్లాకులో "గూడ్స్ 12" అని పేరు నమోదు చేస్తాడు. పక్క బ్లాకు కొత్తగా నిండినప్పుడు ప్రోగ్రాము దాని ఇరుగుపొరుగులను చూస్తుంది, అందులో పాయింట్ల ద్వారా ప్రస్తుతం కలిసి ఉన్న నిండిన బ్లాకు ఏదో వెతికి, దాని పేరును ఇక్కడికి తెస్తుంది. రైలు బ్లాకు కంటే పొడవైతే ఒకే పేరు కొంతసేపు రెండు చోట్లా కనిపిస్తుంది. అది తప్పేమీ కాదు. రెండు వైపులా రైళ్లు నిలిచి ఉండి మధ్య బ్లాకు నిండినప్పుడు మాత్రం ఎవరి పేరు తేవాలో తేల్చాలి, అప్పుడు ఆ రైళ్లు అంతకుముందు ఏ దిశలో కదిలాయన్న జ్ఞాపకమే ఆధారం. ఇరుగుపొరుగు రెండూ ఖాళీగా ఉండగా మధ్య బ్లాకు నిండితే ఎవరో చేత్తో రైలును ఎత్తి పెట్టారు, లేదా ఒక డిటెక్టరు పనిచేయడం లేదు. అక్కడ ఏదో ఒక పేరు అతికించేకంటే ప్రశ్నార్థకం చూపించడమే నిజాయితీ. రైల్‌కామ్ అనే పద్ధతి ఈ ఊహను కొంతవరకు కొలతగా మారుస్తుంది: ఆజ్ఞకూ ఆజ్ఞకూ మధ్య అర మిల్లీసెకనులోపు పట్టాల మీద వోల్టేజిని ఆపితే, ఆ నిశ్శబ్దంలో ఇంజను డీకోడరు తన నంబరును తిరిగి పంపుతుంది. డీకోడరు లేని పెట్టెలకు ఆ సౌకర్యం లేదు, కాబట్టి తోకను కనిపెట్టే పని రెసిస్టర్లదే.

ఈ పనికి పెద్ద చరిత్రే ఉంది. అమెరికాలోని ఎంఐటీ విద్యార్థుల రైలు నమూనాల క్లబ్బు రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన తొలి ఏళ్లలోనే మొదలై, టెలిఫోన్ రిలేలతో తన మార్గాన్ని నడిపింది. బల్ల కింద ఆ రిలేలను అల్లడంలో చేయి తిరిగినవారిలో కొందరు 1950ల చివర్లో అక్కడి కంప్యూటర్ల దగ్గరికి చేరి తొలితరం ప్రోగ్రామర్లయ్యారు. నేడు ఎక్కువమంది వాడే ఉచిత సాఫ్ట్‌వేర్ జేఎంఆర్‌ఐ. భౌతికశాస్త్ర ఆచార్యుడు బాబ్ జేకబ్‌సన్ దాన్ని ప్రారంభించారు. దాని ఫైళ్లను ఒక వాణిజ్య సంస్థ లైసెన్సు షరతులు పాటించకుండా వాడుకుందన్న ఆయన ఫిర్యాదు కోర్టుకెక్కింది, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లైసెన్సు షరతులను కాపీరైటు చట్టం కింద అమలు చేయించవచ్చని 2008లో అమెరికా ఫెడరల్ సర్క్యూట్ అప్పీలు కోర్టు తీర్పు చెప్పింది. బొమ్మ రైళ్ల కోసం రాసిన ప్రోగ్రాము అమెరికాలో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లైసెన్సులకు చట్టరక్షణ సంపాదించి పెట్టిందన్న విషయం తగినంతగా ప్రచారం పొందలేదు.

సొంతంగా ఈ పని చేపట్టేవారికి పరీక్షించే విధానం గురించి ఒక మాట. రైలును నడిపి రంగులు మారడం చూస్తే సరిపోదు. రెండు కొనలకూ తీగలు అతికించిన 10 కిలోఓముల రెసిస్టరును చేతిలో పట్టుకుని, ప్రతి బ్లాకులోనూ ఈ చివర ఒకసారి, మధ్యలో ఒకసారి, ఆ చివర ఒకసారి రెండు పట్టాలకూ ఆనించి, సరైన సిగ్నలే ఎరుపవుతోందా అని చూడాలి. బ్లాకు తీగలు తారుమారైన సంగతి ఇలాగే బయటపడుతుంది. తర్వాత పాయింట్ల బ్లేడుకు ఒక పుల్ల అడ్డుపెట్టి తిప్పమని ఆజ్ఞ ఇవ్వాలి. చివరగా రైళ్లన్నీ ఆగి ఉన్నప్పుడు డిటెక్టరు బోర్డుకు వెళ్లే కేబులును ఊడదీసి, దాని పరిధిలోని సిగ్నళ్ల వైపు చూడాలి. వాటిలో ఒక్కటి పచ్చగా నిలిచినా ప్రోగ్రాము దగ్గరికి తిరిగి వెళ్లి, ఆ బ్లాకు "తెలియదు" అన్న స్థితిలోకి ఎందుకు వెళ్లలేదో వెతకాలి.