ముక్కు ఆపరేషన్ ఊపిరి కోసమా, రూపం కోసమా? అపోహలు - వాస్తవాలు

మా ఓపీకి ముక్కు సమస్యతో వచ్చేవాళ్లలో చాలామంది ముందే ఒక నిర్ణయానికి వచ్చేసి ఉంటారు. "డాక్టర్ గారూ, నాకు డీఎన్‌ఎస్ ఉందట, ఆపరేషన్ చేసేయండి" అని కొందరు. డీఎన్‌ఎస్ అంటే ముక్కు దూలం వంకర. "అమ్మాయి ముక్కు మీద గూని ఉంది, సంబంధాలు చూస్తున్నాం, ఈలోపు సరిచేయించాలి" అని కొందరు. ఇంకొందరు ఊపిరి ఆడట్లేదని మొదలుపెట్టి, పావుగంట మాట్లాడాక అసలు బాధ అద్దంలో కనిపించే ముక్కు గురించి అని మెల్లగా చెబుతారు. ఈ ముగ్గురికీ కావలసినవి వేర్వేరు. ఊపిరి కోసం ముక్కు దూలాన్ని సరిచేసేది సెప్టోప్లాస్టీ. బయటి ఆకారాన్ని మార్చేది రైనోప్లాస్టీ. రెండూ కలిపి చేస్తే సెప్టోరైనోప్లాస్టీ. ఏది ఎవరికి అనే దగ్గరే అపోహలన్నీ పుడుతున్నాయి. ఈఎన్‌టీ సర్జన్‌గా నేను రోజూ వినేవాటిని ఇక్కడ తీసుకుంటున్నాను.

అపోహ: స్కాన్‌లో డీఎన్‌ఎస్ అని వచ్చిందంటే ఆపరేషన్ తప్పదు.

తలనొప్పి అని సీటీ స్కాన్ తీయించుకుంటారు. రిపోర్టులో చివరి లైన్‌లో "దూలం ఎడమవైపుకు కొద్దిగా వంగి ఉంది" అని ఉంటుంది. అక్కడి నుంచి టెన్షన్ మొదలు. ముక్కు దూలం అంటే రెండు రంధ్రాల మధ్య అడ్డుగోడ. ముందు భాగం కార్టిలేజ్ అనే మెత్తటి ఎముక, వెనక భాగం గట్టి ఎముక. అది గీత గీసినట్టు నిటారుగా ఉండేవాళ్లు తక్కువ. ఎంతో కొంత వంపు దాదాపు అందరికీ ఉంటుంది, చాలామందికి దానివల్ల ఏ ఇబ్బందీ ఉండదు. ఆపరేషన్ చేయాల్సింది మనిషికి ఉన్న ఇబ్బందికి. రిపోర్టులో ఉన్న వాక్యానికి కాదు. రిపోర్టులో వంపు ఎడమవైపు ఉండి, మనిషి మాత్రం "నాకు కుడివైపే మూసుకుపోతుంది" అని చెప్పడం మేం తరచూ చూస్తాం. ఖాళీ ఎక్కువ ఉన్న వైపు టర్బినేట్ అనే లోపలి కండ పెరిగి ఆ చోటు నింపేయడం దానికి ఒక కారణం. అలాంటప్పుడు దూలం ఒక్కటే సరిచేసి పంపిస్తే ఆ మనిషికి ఊరట దొరకదు.

అపోహ: ముక్కు దిబ్బడ అంటే దూలం వంకరే.

ఇది నాకు అన్నిటికంటే ఎక్కువ బాధ కలిగించే అపోహ. మందుతో పోయే దిబ్బడకి కూడా కత్తి పట్టించేది ఇదే.

దిబ్బడకి కారణాలు చాలా. దుమ్ము, పుప్పొడి అలర్జీతో టర్బినేట్లు ఉబ్బడం, పాలిప్స్ అనే మెత్తటి కండలు, సైనస్ ఇన్ఫెక్షన్, పిల్లల్లో ముక్కు వెనక పెరిగే ఎడినాయిడ్స్ కండ. వీటితోపాటు మెడికల్ షాపులో చీటీ లేకుండా దొరికే చుక్కల మందు ఒకటి. జైలోమెటాజోలిన్, ఆక్సిమెటాజోలిన్ లాంటివి రెండు నిమిషాల్లో ముక్కు తెరుస్తాయి. వారం దాటి వాడితే మందు ప్రభావం తగ్గగానే ముక్కు ముందుకన్నా గట్టిగా మూసుకుంటుంది. దిండు కింద సీసా లేనిదే నిద్ర పట్టని వాళ్లున్నారు. వాళ్లకి మొదటి వైద్యం ఆ సీసా మాన్పించడం.

ఇంకో మాట. రెండు రంధ్రాలూ ఎప్పుడూ సమానంగా ఆడవు. కొన్ని గంటలకోసారి ఒక వైపు కాస్త మూసుకుని, రెండో వైపు తెరుచుకుంటూ మారుతూ ఉంటుంది. ఇది జబ్బు కాదు, ముక్కు సహజంగా చేసే పని. దిబ్బడ ఇలా పక్కలు మారుతూ ఉంటే మేం అలర్జీ వైపు ఆలోచిస్తాం. ఎప్పుడూ ఒకే వైపు, ఏ మందుకీ తగ్గకుండా ఉంటే దూలం వైపు చూస్తాం. ఒకే వైపు దిబ్బడతోపాటు రక్తం కూడా వస్తుంటే ఆలస్యం చేయకుండా ఎండోస్కోపీ, అంటే సన్నటి కెమెరా గొట్టంతో లోపల చూసే పరీక్ష, చేస్తాం, అది వేరే ఆందోళన.

పరీక్ష కూడా పెద్ద యంత్రాలతో మొదలవదు. చల్లటి స్టీలు స్పాచులా ముక్కు కింద పట్టుకుని ఊపిరి వదలమంటాను. రెండు ఆవిరి మచ్చలు పడతాయి. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది అయితే ఏ వైపు గాలి తక్కువో కళ్లకే తెలుస్తుంది. తర్వాత దూది చుట్టిన సన్నటి పుల్లతో ముక్కు లోపలి పక్కగోడను ఒక చోట కొద్దిగా ఎత్తి పట్టి, ఊపిరి పీల్చమంటాను. "ఆ, ఇప్పుడు బాగుంది" అని మనిషి ముఖం విప్పారితే సమస్య దూలం ఒక్కదానిలోనే లేదని అర్థం. వాల్వ్ అనే ఇరుకు చోట గోడ బలహీనంగా ఉంది. ఈ పరీక్ష చేయకుండా దూలం మాత్రమే సరిచేసి, "ఆపరేషన్ చేయించుకున్నా తగ్గలేదండీ" అని తిరిగేవాళ్లని చూస్తుంటాం.

అలర్జీ ఉన్నవాళ్లకి ముందు స్టెరాయిడ్ స్ప్రే ఇస్తాం. దాన్ని కనీసం నాలుగు నుంచి ఆరు వారాలు రోజూ వాడితేనే ఫలితం గురించి మాట్లాడాలి. కుడి రంధ్రంలో ఎడమ చేత్తో, ఎడమ రంధ్రంలో కుడి చేత్తో కొట్టుకోండి. అప్పుడు మందు దూలానికి తగలకుండా బయటి గోడ వైపు వెళ్తుంది, రక్తం కారడం తగ్గుతుంది.

అపోహ: డీఎన్‌ఎస్ ఆపరేషన్ దండగ, మళ్లీ వచ్చేస్తుంది.

ఇది రెండో కొస. సరైన మనిషికి చేస్తే సెప్టోప్లాస్టీ పనిచేస్తుంది. నెదర్లాండ్స్‌లో 203 మంది పెద్దవాళ్లతో చేసిన అధ్యయనం 2019లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. బ్రిటన్‌లో 378 మందితో చేసినది 2023లో బీఎంజే అనే వైద్య పత్రికలో వచ్చింది. రెండింటిలోనూ దూలం వంపు వల్ల ఇబ్బంది పడుతున్నవాళ్లకి ఆపరేషన్ చేస్తే, ఆపరేషన్ లేని వైద్యం కన్నా మెరుగైన ఫలితం కనిపించింది. "మళ్లీ వచ్చింది" అని జనం అనేది ఎక్కువసార్లు దూలం కాదు, అలర్జీ. తుమ్ములు, నీళ్లు కారడం, దురద ఆపరేషన్‌తో పోవు. ఆ మాట ముందే చెప్పించుకోండి.

రెండు ముక్కుల్లోనూ గజాల కొద్దీ గాజుగుడ్డ కుక్కుతారని, తీసేటప్పుడు ప్రాణం పోతుందని భయపడేవాళ్లు ఇంకా ఉన్నారు. ఇప్పుడు చాలామంది సర్జన్లు లోపల కరిగిపోయే కుట్లు వేస్తారు, లేదా సన్నటి సిలికాన్ స్ప్లింట్లు పెడతారు.

అపోహ: దూలం ఆపరేషన్ చేస్తే ముక్కు కూలిపోతుంది.

ఈ భయం ఊరికే పుట్టలేదు. 1900ల మొదట్లో అమెరికాలో ఫ్రీర్, జర్మనీలో కిలియన్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతిలో దూలం కార్టిలేజ్‌ని చాలావరకు తీసేసేవాళ్లు. పందిరికి రాట ఎలాగో ముక్కుకి దూలం అలాగ. రాట మరీ సన్నం చేస్తే పందిరి కుంగుతుంది. అందుకే ఇప్పటి సెప్టోప్లాస్టీలో వంగిన భాగాన్నే సరిచేసి, పై అంచునా ముందు అంచునా కనీసం ఒక సెంటీమీటరు వెడల్పున కార్టిలేజ్‌ని ఉంచేస్తాం. ముక్కును నిలబెట్టేది అదే. కోత లోపలే ఉంటుంది, బయట మచ్చ ఉండదు, ఆకారం మామూలుగా మారదు. మారదు అన్నది రెండు వైపులా నిజం. సెప్టోప్లాస్టీతో పనిలో పనిగా కోటేరు ముక్కు వస్తుందని ఆశపడకండి. దూలానికి రంధ్రం పడటం, లోపల అతుకులు పడటం, వాసన తగ్గడం, అరుదుగా ముక్కు కుంగడం లాంటి దుష్ఫలితాలు ఉన్నాయి. సంతకం పెట్టే ముందు వాటి గురించి అడగండి.

అపోహ: అందం కోసం చేయించుకునే ఆపరేషన్‌కి ఊపిరితో సంబంధం లేదు.

చాలా సంబంధం ఉంది. ఈ విషయం కోసమే ఇదంతా రాయాలనుకున్నాను.

ముక్కులో గాలికి అన్నిటికన్నా ఇరుకైన చోటు లోపలి వాల్వ్. దూలానికీ, దాని పక్కనున్న పై కార్టిలేజ్‌కీ మధ్య కోణం అక్కడ పది నుంచి పదిహేను డిగ్రీలే ఉంటుంది. ముక్కు మీది గూని తీసేటప్పుడు సరిగ్గా ఆ రెండూ కలిసే కప్పునే కోస్తాం. మళ్లీ ఆధారం కట్టకుండా వదిలేస్తే పక్క కార్టిలేజ్‌లు నెలల మీద లోపలికి జారతాయి. ఫొటోలో ముక్కు సన్నగా, ముచ్చటగా కనిపిస్తుంది. మెట్లెక్కితే నోటితో ఊపిరి తీయాల్సి వస్తుంది. కొన్నాళ్లకి ముక్కు మధ్యలో తిరగేసిన వీ ఆకారంలో నీడ కూడా పడుతుంది. దీన్ని సరిచేయడానికి దూలానికి రెండు పక్కలా సన్నటి కార్టిలేజ్ పట్టీలు పెట్టే పద్ధతిని 1984లో అమెరికన్ సర్జన్ జాక్ షీన్ వివరించాడు. స్ప్రెడర్ గ్రాఫ్ట్ అంటారు. ఇప్పుడు గూని తీసేటప్పుడే, ఊపిరికి ముప్పు ఉన్నవాళ్లకి వీటిని ముందుజాగ్రత్తగా పెడుతున్నాం. "గూని తీశాక వాల్వ్‌కి ఆధారం ఎలా ఇస్తారు?" అని మీ సర్జన్‌ని అడగండి. ఈ ప్రశ్నకి విసుక్కునే చోట ఆపరేషన్ చేయించుకోకండి.

మన దగ్గర ఇంకో సంగతి. మనలో చాలామంది ముక్కులకి చర్మం మందం, లోపలి కార్టిలేజ్ పలచన. ఇలాంటి ముక్కులో ఉన్నది తీసేస్తే అందం రాదు, ఆకారం కుంగుతుంది. దూలం నుంచో, చెవి నుంచో, పక్కటెముక నుంచో కార్టిలేజ్ తెచ్చి నిలబెట్టాల్సి వస్తుంది. ఇక్కడ ఒక లెక్క ఉంది. వాడుకోవడానికి అన్నిటికన్నా అనువైనది దూలం కార్టిలేజ్. ఊపిరి కోసం సెప్టోప్లాస్టీ చేసి దాన్ని తీసేశాక, రెండేళ్లకి రూపం కోసం వస్తే ఆ నిల్వ ఉండదు. పక్కటెముక దగ్గర కోయాలి. అందుకే రూపం గురించి మనసులో ఏమున్నా మొదటి ఆపరేషన్‌కి ముందే చెప్పేయండి. సిగ్గుపడాల్సిన పని లేదు. నేను అడగకపోయినా మీరు చెప్పండి.

అపోహ: బయట ముట్టుకోకుండా ఎలాంటి దిబ్బడనైనా లోపలి నుంచే సరిచేయొచ్చు.

బైక్ మీద నుంచి పడి ముక్కు పక్కకి వంగినవాళ్ల విషయంలో ఇది కుదరదు. బయటి ఎముకలు వంగి ఉన్నప్పుడు లోపలి దూలాన్ని తిన్నగా నిలబెట్టినా మళ్లీ అటే లాగుతాయి. వాళ్లకి సెప్టోరైనోప్లాస్టీయే ఊపిరి కోసం చేసే ఆపరేషన్. రూపం కూడా మారుతుంది, అంతమాత్రాన అది సోకు కోసం చేయించుకున్నది కాదు. ఇంట్లో పెద్దవాళ్లు "అందం కోసం ఇంత ఖర్చా" అంటే ఈ ముక్క చెప్పండి.

దెబ్బ తగిలిన కొత్తలోనైతే ఎముకను వారం, పది రోజుల్లోపు కోత లేకుండా సర్దొచ్చు. పిల్లలకి ఇంకా ముందే. దెబ్బ తగిలాక రెండు వైపులా ముక్కు బిగుసుకుపోయి, లోపల దూలం మెత్తగా ఉబ్బితే అది రక్తపు గడ్డ. అదే రోజు ఈఎన్‌టీ దగ్గరికి వెళ్లాలి. వదిలేస్తే లోపలి కార్టిలేజ్ చచ్చిపోయి ముక్కు నిజంగానే కుంగుతుంది.

అపోహ: కాగితం మీద డీఎన్‌ఎస్ అని రాయిస్తే, ఇన్సూరెన్స్‌లో అందం పని కూడా అయిపోతుంది.

ఈ కోరిక నన్ను చాలామంది అడుగుతారు. నేను రాయను. మన ఆరోగ్య బీమా పాలసీల్లో రూపం కోసం చేసే సర్జరీకి కవరేజీ లేదు. ప్రమాదం, కాలిన గాయాలు, క్యాన్సర్ తర్వాత చేసే పునర్నిర్మాణానికి మినహాయింపు ఉంది. దూలం, సైనస్ ఆపరేషన్లకి చాలా పాలసీల్లో రెండేళ్ల దాకా వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది, అది ముందే చూసుకోండి. రెండూ కలిపి చేయించుకుంటుంటే, ఊపిరి భాగానికి బీమా, రూపం భాగానికి సొంత డబ్బు అని ఎస్టిమేట్‌లోనే విడివిడిగా రాయించుకోండి. అబద్ధపు కాగితంతో క్లెయిమ్ పోతే పోయేది డబ్బు ఒక్కటే కాదు, పాలసీ కూడా రద్దు కావచ్చు.

అపోహ: పసిబిడ్డకి నీళ్లు పోసేటప్పుడు ముక్కు నొక్కితే కొనదేరుతుంది.

తేరదు. ఆకారం వంశం నుంచి వస్తుంది. ముక్కులో నూనె చుక్కలు మాత్రం అసలు వేయకండి, ఊపిరితిత్తుల్లోకి వెళ్తే న్యుమోనియా వస్తుంది.

అపోహ: కత్తి లేదు కాబట్టి, ముక్కు ఆకారం సర్దడానికి చర్మం కింద జెల్ ఎక్కించే ఫిల్లర్ ఇంజెక్షన్‌కి ప్రమాదం లేదు.

ముక్కు మీది రక్తనాళాలకీ కంటికి వెళ్లే రక్తనాళాలకీ కలయిక ఉంది. ఫిల్లర్ నాళంలోకి వెళ్తే చర్మం నల్లబడి చచ్చిపోవచ్చు, అరుదుగానైనా చూపు పోవచ్చు. ఇంతకుముందు ఆపరేషన్ అయిన ముక్కులో ఈ ముప్పు ఇంకా ఎక్కువ. బ్యూటీ పార్లర్లో చేయించుకునే పని కాదిది. డాక్టర్ చేసినా, ఫిల్లర్‌ని కరిగించే హైలురోనిడేజ్ అక్కడే సిద్ధంగా ఉందో లేదో అడగండి. పైగా ఫిల్లర్ గూనిని కనిపించకుండా చేస్తుందే గానీ ఊపిరికి ఏ సాయమూ చేయదు.

అపోహ: పెళ్లికి నెల ముందు రైనోప్లాస్టీ చేయించుకుంటే సరిపోతుంది.

బయటి పట్టీ వారానికి తీసేస్తాం. కళ్ల కింద నలుపు రెండు వారాల్లో పోతుంది. వాపు చాలావరకు కొన్ని నెలల్లో దిగుతుంది. ముక్కు కొన దగ్గర, ముఖ్యంగా మందపు చర్మం ఉన్నవాళ్లకి, ఏడాది పైన పట్టొచ్చు. ఎముకలు సర్దితే కొన్ని వారాలు బరువైన కళ్లజోడు పెట్టకూడదు. ముక్కుపుడక ఎప్పుడు తిరిగి పెట్టుకోవాలో సర్జన్ చెప్పేదాకా ఆగాలి. ఫలితం అనుకున్నట్టు రాకపోతే మళ్లీ సరిచేసే ఆపరేషన్ కూడా ఏడాది ఆగాకే. అమ్మాయిలకి పదిహేను, పదహారు, అబ్బాయిలకి పదిహేడు, పద్దెనిమిది ఏళ్లు దాటి, ఎదుగుదల ఆగాకే రైనోప్లాస్టీ గురించి ఆలోచించాలి.

ఇంకో సంగతి కాస్త నెమ్మదిగా చెప్పాలి. ఎదుటివాళ్లకి కనిపించనంత చిన్న లోపం గురించి రోజంతా అద్దం చూసుకుంటూ, బయటికి వెళ్లడం మానేసినవాళ్లు వస్తారు. వాళ్ల బాధ నిజమైనదే. అయితే ముక్కు మార్చితే అది తగ్గదు, ఇంకో చోటికి మారుతుంది. వాళ్లకి సైకియాట్రిస్ట్ సాయం ముందు కావాలి. "సంబంధాలు తప్పిపోతున్నాయి" అని అమ్మానాన్నలు తీసుకొచ్చిన అమ్మాయితో నేను వాళ్లని బయట కూర్చోబెట్టి విడిగా మాట్లాడతాను. తనకి వద్దంటే ఆపరేషన్ లేదు.

అపోహ: ముక్కు ఆపరేషన్‌తో గురక పోతుంది.

గురకలో చాలాభాగం గొంతు నుంచి వస్తుంది. నిద్రలో ఊపిరి ఆగిపోయే స్లీప్ ఆప్నియా ఉంటే ముక్కు ఆపరేషన్ ఒక్కటే దాన్ని నయం చేయదు. నిద్రలో గాలి ఒత్తిడితో ఊపిరి దారిని తెరిచి ఉంచే సీపాప్ మెషీన్ వాడటం మాత్రం తేలికవుతుంది.

అపోహ: ఊపిరికైతే ఈఎన్‌టీ, అందానికైతే ప్లాస్టిక్ సర్జన్.

ఇద్దరిలోనూ రైనోప్లాస్టీ బాగా చేసేవాళ్లున్నారు. బోర్డు మీద ఏమున్నా, లోపల ఎండోస్కోప్‌తో చూసి, బయట ముందు నుంచీ పక్క నుంచీ ఫొటోలు తీసి, రెండూ కలిపి మాట్లాడే సర్జన్ కావాలి. మీలాంటి చర్మం, మీలాంటి వంపు ఉన్నవాళ్ల ఆపరేషన్‌కి ముందు ఫొటో, ఏడాది తర్వాత ఫొటో, వాళ్ల అనుమతితో ఉంటే చూపించమనండి. రెండు వారాల ఫొటో సరిపోదు. మళ్లీ ఆపరేషన్ అవసరమైతే ఖర్చు ఎవరిది, ఎంత అన్నది కూడా ముందే అడిగి కాగితం మీద రాయించుకోండి. రెండో డాక్టర్ అభిప్రాయం తీసుకుంటాననండి. ఎండోస్కోపీ ఫొటోలు, స్కాన్ సీడీ మీ చేతికి ఇమ్మనండి, అవి మీవే.