చీమకుర్తి రాయికి నెల రోజుల మూత

పర్యావరణంలో రేడియోధార్మికత మీద శాస్త్రవేత్తల సదస్సు జరిగిందని పేపర్లో పడితే చాలు, ఒంగోలు చుట్టుపక్కల ఒకటే ప్రశ్న: "మా వంటింటి గట్టు చీమకుర్తి గ్రానైటేనండీ, ప్రమాదమా?"

గెలాక్సీ అనే ఈ చీమకుర్తి నల్లరాయిని వ్యాపారులు గ్రానైట్ అంటారు గానీ, భూగర్భశాస్త్రంలో దాని పేరు గాబ్రోనోరైట్. అందులో మెరిసే చుక్కలు బ్రాంజైట్ ఖనిజం. శిలాద్రవం చల్లారేటప్పుడు ముందుగా గడ్డకట్టే ఖనిజాల్లో రేడియోధార్మిక మూలకాలైన యురేనియం, థోరియం ఇమడవు. చివరిదాకా ద్రవంలోనే ఉండిపోయి అసలు గ్రానైట్లలోకి, పెగ్మటైట్లనే పెద్ద స్ఫటికాల రాళ్లలోకి చేరతాయి. ముందుగా గడ్డకట్టిన ఖనిజాలతో ఏర్పడింది కాబట్టే ఈ నల్లరాయిలో అవి తక్కువగా ఉంటాయి. నెల్లూరు అభ్రకపు గనుల పెగ్మటైట్లలో యురేనియం ఉన్న సమర్‌స్కైట్ ఖనిజం దొరకడానికి కారణమూ అదే.

కానీ ఏ పలక సంగతైనా కొలిస్తేనే తేలుతుంది. రాయిని పొడి చేసి, జల్లెడ పట్టి, 110 డిగ్రీల ఓవెన్లో తడి పోయేదాకా ఆరబెడతారు. తూచి, డబ్బాలో అంచుదాకా దట్టించి, మూత బిగించి నెల రోజులు కదపకుండా ఉంచుతారు. ఆ నెల ఎందుకన్నదే ఇందులో అసలు అందం.

రాతిని డిటెక్టర్ మీద పెట్టి, అందులోంచి వచ్చే గామా కిరణాలను లెక్కిస్తారు. యురేనియం వరుసలో పుట్టే రేడియం-226ను ఇలా నేరుగా లెక్కించడం కష్టం. దాని 186 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల గామా గీత (ఆ శక్తి దగ్గర కనిపించే గుర్తు) యురేనియం-235 గీతలో కలిసిపోతుంది. అందుకని అది విఘటనమై వరుసగా పుట్టే సంతతిని పట్టుకుంటారు: సీసం-214 (352 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల గీత), బిస్మత్-214 (609). రేడియానికీ వీటికీ మధ్య ఉన్న రాడాన్-222 వాయువు కాబట్టి, పొడి చేసినప్పుడే కొంత జారిపోతుంది. దాని అర్ధాయువు, అంటే సగం విఘటనమయ్యే కాలం, 3.82 రోజులు. మూత పెట్టాక అన్ని రోజులకు ఆ లోటులో సగం పూడుతుంది, మరో 3.82 రోజులకు ముప్పావు, నెల తిరిగేసరికి 99.5 శాతం. అప్పుడిక బిస్మత్ లెక్కే రేడియం లెక్క. థోరియానికి ఇంత నిరీక్షణ అక్కర్లేదు. దాని వరుసలోని రాడాన్-220 అర్ధాయువు 55.6 సెకన్లే కాబట్టి చాలావరకు రాతి రేణువు దాటి బయటికి రాకముందే విఘటనమవుతుంది.

ఆవకాయ జాడీకి వాసెన కట్టినంత శ్రద్ధ ఇక్కడ కావాలి. మూత కారితే ఎన్నాళ్లు ఆగినా రేడియం తక్కువగానే కనిపిస్తుంది. డబ్బాలో పైన ఖాళీ మిగిలితే రాడాన్ అక్కడ చేరి, దాని సంతతి మూతకు అంటుకుంటుంది, డిటెక్టర్‌కు దూరమవుతుంది. బరువైన నల్లరాయి పొడిని తేలిక మట్టి ప్రమాణంతో (విలువ ముందే తెలిసిన నమూనాతో) పోల్చినా తప్పే: 352 గీత పొడిలోనే ఎక్కువ ఇంకిపోయి, 609 ఇచ్చే విలువ కంటే తక్కువ చూపుతుంది. రెండు గీతలూ ఒకే మాట చెప్పకపోతే ఆ ఫలితాన్ని నమ్మకూడదు. ఖాళీ డబ్బాను కూడా అంతేసేపు లెక్కించి, గది నుంచి వచ్చే వంతును తీసేయాలి.

కిలోకు బెక్వెరెళ్లలో (సెకనుకు ఎన్ని విఘటనలో చెప్పే కొలత) వచ్చిన రేడియం విలువను 300తో, థోరియాన్ని 200తో, రాళ్లలో సహజంగా ఉండే రేడియోధార్మిక పొటాషియం-40ను 3000తో భాగించి కూడతారు. మొత్తం 1 దాటకపోతే గోడలు కట్టడానికీ పనికొస్తుంది. ఇవి వరుసగా 35, 30, 400 ఉన్న మామూలు నేలమట్టికే సుమారు 0.4 వస్తుంది.

గోడకు పేడ అలికితే రేడియేషన్ ఆగుతుందన్న నమ్మకాన్ని బడిలోనే లెక్కతో తీర్చాలి. పొటాషియం-40 గామాను సగం చేయడానికే దాదాపు 12 సెంటీమీటర్ల మందం నీళ్లు కావాలి. పలచటి పూత ఏం ఆపుతుంది? ఇంట్లో చేరే రాడాన్ సాధారణంగా గట్టు రాయి కన్నా పునాది కింది నేల నుంచే ఎక్కువగా వస్తుంది. గచ్చు పగుళ్లు పూడ్చి, కిటికీలు తెరిచి ఉంచండి.