సగం అంటే దేనిలో సగం?

విశాఖ శివార్లలో, పరవాడ దగ్గరున్న సింహాద్రి విద్యుత్ కేంద్రంలో బొగ్గు కరెంటూ సౌర కరెంటూ ఒకే ఆవరణలో తయారవుతాయి. బొగ్గువి 500 మెగావాట్ల యూనిట్లు నాలుగు, మొత్తం 2000. కేంద్రానికి చెందిన జలాశయం మీద 75 ఎకరాల మేర లక్షకు పైగా సౌర పలకలు తేలుతుంటాయి. 2021 ఆగస్టులో ప్రారంభమైన వీటి సామర్థ్యం 25 మెగావాట్లు. పునరుత్పాదక ఇంధనాల వాటా ఎంత అనే ప్రశ్నలోని చిక్కు ఇక్కడే తెలిసిపోతుంది.

మెగావాట్లలో లెక్కేస్తే సౌరశక్తి వాటా 1.2 శాతం. కానీ మెగావాట్లు చెప్పేది యంత్రం గరిష్ఠంగా ఎంత ఇవ్వగలదో మాత్రమే. పలకలకు రాత్రి పని లేదు, మబ్బు పడితే ఉత్పత్తి పడిపోతుంది. ఏడాది సగటు తీస్తే సామర్థ్యంలో ఐదో వంతు వస్తుందనుకుందాం. బొగ్గు యంత్రాలు తమ సామర్థ్యంలో 70 శాతం మేర నడిచాయనుకుందాం. అప్పుడు సౌర కరెంటు ఏడాదికి 4.4 కోట్ల యూనిట్లు, బొగ్గు కరెంటు 1200 కోట్లకు పైనే. వాటా 0.4 శాతానికి కూడా చేరదు. యంత్రాలు అవే, కొలత మారేసరికి వాటా మూడో వంతు కన్నా కిందికి దిగింది.

దేశం లెక్కా ఇంతే. 2025 జూన్‌ నాటికి మన స్థాపిత విద్యుత్ సామర్థ్యంలో శిలాజేతర ఇంధనాల (బొగ్గు, చమురు, గ్యాసు కానివాటి) వాటా 50 శాతం దాటింది. జలవిద్యుత్తు, అణువిద్యుత్తు కూడా అందులో ఉన్నాయి. 2030కి పెట్టుకున్న లక్ష్యాన్ని ఐదేళ్ల ముందే అందుకోవడం గర్వించదగ్గదే. అయినా ఏడాది పొడవునా తయారయ్యే యూనిట్లలో అధిక భాగం ఇంకా బొగ్గుదే. సగం సామర్థ్యం అనవలసిన చోట సగం కరెంటు అంటే నాకు మింగుడు పడదు. చదివేవాళ్లు ఇక పని అయిపోయిందనుకుంటారు.

ఇదంతా కరెంటు వరకే. ప్రపంచం అంతిమంగా వాడుకునే శక్తిలో విద్యుత్తు దాదాపు ఐదో వంతు. ఫిషింగ్ హార్బర్‌లో మరపడవలు తాగే డీజిలు, ఉక్కు కర్మాగారం బ్లాస్ట్ ఫర్నేసుల్లో మండే కోకు (బొగ్గు నుంచి తయారయ్యేది), వంటింటి గ్యాసు, హైవే మీది లారీలు... ఇవేవీ కరెంటు వాటాలో కనిపించవు.

అయితే మొత్తం శక్తి లెక్కకూ ఒక లోపం ఉంది. బొగ్గులోని వేడిలో మూడో వంతుకు కాస్త పైన మాత్రమే కరెంటుగా మారుతుంది. మిగతాదంతా వృథా. సింహాద్రి శీతలీకరణ గోపురాల మీద ఆవిరిగా లేచిపోయేది అందులో పెద్ద భాగం. సౌర పలక ఇచ్చే ఒక్కో యూనిట్టు, బొగ్గులో దాదాపు మూడు యూనిట్లకు సరిపడా వేడిని ఆదా చేస్తుంది. ఇంధనాన్ని ముడి రూపంలో కొలిస్తే సౌర, పవన విద్యుత్తు చేసే మేలు తక్కువగా కనిపించేది అందుకే.

ఇక అసలు కష్టం సాయంత్రం మొదలవుతుంది. పొద్దు గుంకాక ఊరంతా దీపాలు, ఏసీలు వేసుకునే వేళకు పలకలు చల్లబడి ఉంటాయి. అప్పుడు ఆదుకోగలిగింది మన్యంలోని నీరు. మాచ్‌ఖండ్, సీలేరు కేంద్రాల్లో గేటు తెరిస్తే నిమిషాల్లో కరెంటు వస్తుంది. ఎగువ సీలేరు దగ్గర ఏపీ జెన్‌కో 1350 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ ప్రాజెక్టు తలపెట్టింది. మధ్యాహ్నం మిగిలే కరెంటుతో నీటిని పైకి తోడి, రాత్రి కిందికి వదలడం దాని పని. ఇలాంటి కేంద్రాల్లో తోడడానికి 100 యూనిట్లు ఖర్చుపెడితే తిరిగి వచ్చేవి 75 నుంచి 80. పోయిన ఆ 20, 25 యూనిట్లను కూడా వాటా లెక్కలోంచి తీసేయాలి.