అందరినీ ఒకేలా చూస్తే సరిపోతుందా? ఇంగ్లండ్ ఎఫ్‌ఈ కాలేజీల్లో సమానత్వంపై అపోహలు - వాస్తవాలు

ఇంగ్లండ్‌లో పదహారేళ్లు నిండాక పిల్లలందరూ ఏ-లెవెల్స్ (మన ఇంటర్ లాంటివి) చదివి యూనివర్సిటీకి వెళ్లిపోరు. చాలామంది ఫర్దర్ ఎడ్యుకేషన్ కాలేజీలో చేరతారు. ఎఫ్‌ఈ కాలేజీ అనడమే వాడుక. ఎలక్ట్రీషియన్ పని, ప్లంబింగ్, చైల్డ్‌కేర్, క్షౌరవృత్తి నేర్చుకునేవాళ్లు, ఇంగ్లిష్, లెక్కల జీసీఎస్ఈ (పదహారేళ్లకు రాసే స్కూలు పరీక్ష) మళ్లీ రాసేవాళ్లు, యాభై ఏళ్ల వయసులో చదువు మళ్లీ మొదలుపెట్టినవాళ్లు, శరణార్థులుగా వచ్చి ఇంగ్లిష్ నేర్చుకునేవాళ్లు అంతా ఒకే కప్పు కింద ఉంటారు. ఇంత కలగలుపు యూనివర్సిటీల్లో కూడా కనబడదు. నేను పాఠం చెప్పేదీ, సమానత్వానికి సంబంధించిన పనులు చూసేదీ ఇలాంటి కాలేజీలోనే. ఇక్కడి తెలుగు తల్లిదండ్రులు, కొత్తగా బోధనలోకి వచ్చిన మనవాళ్లు తరచూ అనే మాటలు కొన్ని ఉన్నాయి. వాటిలో నిజమెంతో చూద్దాం.

అపోహ: అందరినీ ఒకేలా చూడటమే సమానత్వం.

ఈ మాట అనేవాళ్లది మంచి మనసే. చిక్కు కూడా అక్కడే ఉంది. ఈక్వాలిటీ యాక్ట్ 2010 ప్రకారం నియమం అందరికీ ఒకటే అయినా, దానివల్ల ఒక వర్గానికి ప్రత్యేకంగా నష్టం జరుగుతుంటే, ఆ నియమానికి తగిన కారణం చూపలేకపోతే అది పరోక్ష వివక్ష. వైకల్యం ఉన్న విద్యార్థుల విషయంలో చట్టం ఇంకో అడుగు ముందుకేసింది. వాళ్లకు అడ్డొచ్చే పద్ధతినో, కట్టడాన్నో మార్చాలి, అవసరమైన సాధనాలు సమకూర్చాలి. వీటినే రీజనబుల్ అడ్జస్ట్‌మెంట్స్ అంటారు. ఆ ఖర్చు విద్యార్థి మీద వేయకూడదు.

ఎలక్ట్రికల్ వర్క్‌షాప్‌నే తీసుకోండి. సరఫరా ఆపి, తాళం వేసి, టెస్టర్‌తో సరిచూసి, ఆ తర్వాతే వైరు ముట్టుకోవాలి. ఈ క్రమం ఎవరికీ సడలించడం కుదరదు, ప్రాణాలతో వ్యవహారం. దీన్ని కాంపిటెన్స్ స్టాండర్డ్ అంటారు. ఆ ప్రమాణాన్ని మార్చమని చట్టం అడగదు. కానీ ఆ క్రమం తెలుసని విద్యార్థి ఎలా చూపించాలి? ముప్పావు గంటలో రెండు పేజీలు రాసే చూపించాలా? డిస్లెక్సియా (చదవడం, రాయడం కష్టమయ్యే సమస్య) ఉన్న కుర్రాడు ప్యానెల్ ముందు నిలబడి ఒక్కో అడుగూ చేసి చూపిస్తూ నోటితో చెబితే, తెలిసింది తెలిసినట్టే కదా! బయటి పరీక్ష అయితే అవార్డింగ్ బాడీ (సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ) అనుమతి తీసుకోవాలి. కాలేజీ లోపలి పరీక్ష అయితే అదీ అక్కర్లేదు, లెక్చరర్ కాస్త ముందుగా ఆలోచిస్తే చాలు.

ప్రమాణం వేరు, పరీక్ష పెట్టే పద్ధతి వేరు. ఈ తేడాను తేలిగ్గా తీసుకోకూడదని చెప్పిన విషాదం బ్రిస్టల్ యూనివర్సిటీ కేసు. తీవ్రమైన సోషల్ యాంగ్జైటీ (నలుగురిలో మాట్లాడాలంటే విపరీతమైన భయం) ఉన్న ఒక ఫిజిక్స్ విద్యార్థిని 2018లో ప్రాణాలు తీసుకుంది. ఆమె కోర్సులో ప్రయోగం చేశాక ఎదురుగా కూర్చుని మౌఖికంగా వివరించాలి. ఆ పద్ధతిని ఆమె కోసం మార్చకపోవడం వివక్షేనని 2022లో కౌంటీ కోర్టు చెప్పింది, 2024లో హైకోర్టు ఆ తీర్పును నిలబెట్టింది. వైద్యుడి కాగితం చేతికొచ్చేదాకా ఆగాల్సిన పనిలేదని, విద్యార్థి ప్రవర్తనలో, మాటల్లో కనిపించేది కూడా ఆధారమేనని ఆ తీర్పుతో తేలింది. అది యూనివర్సిటీ వ్యవహారమే అయినా, ఈక్వాలిటీ యాక్ట్‌లో ఎఫ్‌ఈ కాలేజీలకు వర్తించే భాగమూ అదే. మా సిబ్బంది శిక్షణలో ఈ కేసు గురించి మాట్లాడకుండా నేను వదలను.

ఇంకో మాట. మా బాధ్యత విద్యార్థి గడప తొక్కిన రోజు మొదలయ్యేది కాదు. వీల్‌చెయిర్‌లో వచ్చే విద్యార్థి ఈ ఏడాది ఒక్కరూ లేకపోయినా, రేపు వస్తారని అనుకునే వర్క్‌బెంచ్‌ల ఎత్తు, తలుపుల వెడల్పు చూసుకోవాలి. స్లయిడ్లు ముందురోజే ఆన్‌లైన్‌లో పెట్టాలి. వీడియోకి సబ్‌టైటిల్స్ ఉండాలి. ఒకరి కోసమని మొదలుపెట్టిన సబ్‌టైటిల్స్‌ను ఈసాల్ (ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్లకు ఇంగ్లిష్ నేర్పే) తరగతి మొత్తం వాడుకోవడం నేను కళ్లారా చూస్తున్నాను.

అపోహ: పాజిటివ్ యాక్షన్ అంటే ఇక్కడి రిజర్వేషన్లు.

మనవాళ్లలో ఇది చాలా గట్టిగా నాటుకుపోయింది. బ్రిటన్ చట్టంలో కాలేజీ సీట్లకు కోటా లేదు. ఫలానా వర్గానికి ఇన్ని సీట్లు అని కాలేజీ పక్కన పెడితే అదే చట్టవిరుద్ధం. ఒక వర్గం వెనకబడి ఉందనో, ఒక కోర్సులో చాలా తక్కువగా చేరుతోందనో సహేతుకంగా అనిపిస్తే, దాన్ని సరిదిద్దేందుకు తగిన మోతాదులో ఏదైనా చేయవచ్చు. అదే పాజిటివ్ యాక్షన్. ప్లంబింగ్‌లో అమ్మాయిలు వేళ్లమీద లెక్కపెట్టేంతమందే ఉంటే వాళ్ల కోసమే ఒక రోజు వర్క్‌షాప్ తెరిచి పైపులు కోయించి, అతికించి చూపించవచ్చు. చైల్డ్‌కేర్‌లో అబ్బాయిలకూ అంతే. సీటు దగ్గరికొచ్చేసరికి మాత్రం అందరికీ ఒకే అర్హత. దీనికి మినహాయింపు వైకల్యం ఒక్కటే. వైకల్యం ఉన్నవారికి వైకల్యం లేనివారి కంటే ఎక్కువ అనుకూలంగా వ్యవహరించడం వివక్ష కాదని చట్టమే చెబుతోంది.

అపోహ: ఇదంతా మైనారిటీల కోసమే.

కాదు. చట్టం రక్షణ ఇచ్చే అంశాలు తొమ్మిది: వయసు, వైకల్యం, లింగమార్పిడి, వివాహం లేదా సివిల్ పార్ట్‌నర్‌షిప్, గర్భం-ప్రసూతి, జాతి, మతం లేదా విశ్వాసం, లింగం, లైంగికత. వీటిలో ఏదో ఒకటి వర్తించని మనిషి ఉండడు.

అపోహ: కులం గొడవ ఇక్కడి కాలేజీల్లో లేదు. ఉన్నా ఈ దేశపు చట్టానికి అక్కర్లేదు.

దీని గురించి తెలుగులోనే రాయాలి, ఎందుకంటే మా ఇంగ్లిష్ సహోద్యోగుల కంటికి ఇది ఆనదు. గ్రూప్ ప్రాజెక్టుకి జట్టు కట్టేటప్పుడు కొత్తగా వచ్చినవాణ్ణి "మీ ఇంటిపేరేంటి? మీదే ఊరు? నాన్నగారేం చేస్తారు?" అని అడుగుతారు. పక్కన నిలబడ్డ ట్యూటర్‌కి అది కుశల ప్రశ్న. అడిగినవాడికీ, జవాబు చెప్పాల్సినవాడికీ అదేమిటో తెలుసు. ఆ తర్వాత వాట్సాప్ గ్రూపు ఒకటి కాస్తా రెండవుతుంది. ఒకబ్బాయి ప్రాజెక్టు రోజుల్లో క్లాసుకి రావడం మానేస్తాడు. రిజిస్టర్‌లో మాత్రం అది కారణం తెలియని గైర్హాజరే.

చట్టం మాటకొస్తే, జాతి అన్న మాటలో రంగు, జాతీయత, జాతి మూలాలు, దేశ మూలాలు వస్తాయి. కులాన్ని పేరుపెట్టి చేర్చాలని పార్లమెంటు 2013లో ప్రభుత్వానికి బాధ్యత పెట్టింది. ప్రజాభిప్రాయం సేకరించాక, ఆ పని చేయబోమని, కోర్టు తీర్పుల ద్వారా రక్షణ అందుతుందని 2018లో ప్రభుత్వం ప్రకటించింది. దానికి ఆధారం 2014లో ఎంప్లాయ్‌మెంట్ అప్పీల్ ట్రిబ్యునల్ (ఉద్యోగ వివాదాల అప్పీళ్లు వినే కోర్టు) ఇచ్చిన తీర్పు. భారతదేశం నుంచి తీసుకొచ్చిన ఒక ఇంటిపని మహిళ కేసు అది. కులం కొన్ని సందర్భాల్లో 'జాతి మూలాలు' అన్న మాట కిందికి రావచ్చని ట్రిబ్యునల్ చెప్పింది. చట్టంలో కులం పేరు పెడితే బాగుండేదని నా గట్టి అభిప్రాయం. పేరులేని బాధని ఫిర్యాదు ఫారంలో ఏ గడిలో రాస్తారు? అయినా దారి మూసుకుపోలేదు. ట్యూటర్‌కి గానీ స్టూడెంట్ సర్వీసెస్‌కి గానీ చెప్పండి, జరిగింది జరిగినట్టు తేదీలతో రాసివ్వండి. కాలేజీ క్రమశిక్షణ నియమాలు దీనికీ వర్తిస్తాయి. ఆ కాలేజీలో తెలుగు తెలిసిన సిబ్బంది ఉంటే, చూసీ చూడనట్టు ఊరుకోకపోవడం వాళ్ల బాధ్యత.

అపోహ: పోస్టర్లు అంటించి, అక్టోబరులో బ్లాక్ హిస్టరీ మంత్ (నల్లజాతివారి చరిత్రను గుర్తుచేసుకునే నెల) జరిపితే కాలేజీ బాధ్యత తీరింది.

ఈ బాధ్యత ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలిస్తే ఆ మాట అనలేం. 1993లో స్టీఫెన్ లారెన్స్ అనే నల్లజాతి యువకుణ్ణి లండన్‌లో జాతి విద్వేషంతో చంపేశారు. పోలీసుల దర్యాప్తు తీరుపై 1999లో వచ్చిన మెక్‌ఫర్సన్ నివేదిక సంస్థాగత జాతి వివక్ష గురించి మాట్లాడింది. ఒకరి దురుద్దేశం లేకపోయినా సంస్థ నడిచే తీరులోనే వివక్ష ఉండొచ్చని దాని సారాంశం. 2000లో చట్టం మారింది. బాధితుడు ఫిర్యాదు చేసేదాకా కాచుక్కూర్చోకుండా ప్రభుత్వ సంస్థలే తమ పనితీరును తాము తడిమి చూసుకోవాలన్న బాధ్యత అలా మొదలైంది. 2011 ఏప్రిల్ నుంచి అది పబ్లిక్ సెక్టార్ ఈక్వాలిటీ డ్యూటీగా మిగతా అంశాలకూ విస్తరించింది. ఎఫ్‌ఈ కాలేజీలు దీని కిందికి వస్తాయి. సమానత్వ సమాచారం ఏటా ప్రచురించాలి, లక్ష్యాలను కనీసం నాలుగేళ్లకోసారి ప్రకటించాలి.

ఈ పని ఎక్కువగా అంకెల్లో సాగుతుంది. ఏ వర్గం విద్యార్థులు చేరుతున్నారు, ఎవరు మధ్యలో మానేస్తున్నారు, ఎవరు పాసవుతున్నారు. శుక్రవారం మధ్యాహ్నం ప్రాక్టికల్‌కి ముస్లిం విద్యార్థుల హాజరు తగ్గుతోందంటే వాళ్లకి చదువు మీద శ్రద్ధ లేదని రాసేయడం తేలిక. జుమా నమాజు వేళ చూసి, క్లాసుని కాసేపు వెనక్కి జరిపి, హాజరు ఎలా ఉందో మళ్లీ చూడటం అసలు పని. పోస్టర్లు వద్దనను. కానీ టైంటేబుల్ చేసేంత మేలు పోస్టర్ చేయలేదు.

అపోహ: పేదరికం కూడా చట్టం రక్షించే అంశమే.

ఇంగ్లండ్‌లో కాదు. ఆర్థిక అసమానత తగ్గించే బాధ్యత ఈక్వాలిటీ యాక్ట్ మొదటి సెక్షన్‌లోనే ఉంది, స్కాట్లండ్‌లో 2018 నుంచి, వేల్స్‌లో 2021 నుంచి అమల్లోనూ ఉంది, ఇంగ్లండ్‌లో మాత్రం అమలు చేయలేదు. అన్యాయమనిపిస్తుంది నాకు. కాకపోతే సాయం వేరే దారిలో ఉంది. 16-19 ఏళ్లవాళ్లకు ఆర్థిక సాయం చేసే 16-19 బర్సరీ నిధి నుంచి బస్ పాసు, సేఫ్టీ బూట్లు, పనిముట్లకు డబ్బు అడగవచ్చు. అర్హులకు ఉచిత భోజనం 2014 నుంచీ ఎఫ్‌ఈ కాలేజీల్లోనూ ఉంది. అడగడం నామోషీ అనుకుని ఊరుకునే కుటుంబాలు మనలో చాలా ఉన్నాయి.

అపోహ: మతం, జాతి, లైంగికత లాంటివి క్లాసులో ఎత్తకపోవడమే క్షేమం.

ఎఫ్‌ఈ కాలేజీల్లో పాఠ్యాంశాల్లోని విషయానికి వివక్ష నిబంధనలు వర్తించవని చట్టంలో స్పష్టంగా ఉంది. అది చెప్పే తీరుకు మాత్రం వర్తిస్తాయి. పైగా వర్గాల మధ్య సత్సంబంధాలు పెంచడం, అపోహల్ని ఎదుర్కోవడం మా బాధ్యతల్లో భాగం. మాట్లాడకుండా అది ఎలా కుదురుతుంది?

అపోహ: డిస్లెక్సియానో, డిప్రెషనో ఉందని ఫారంలో రాస్తే సీటు రాదు.

తెలుగు తల్లిదండ్రుల నోట నేను తరచూ వినేదీ, పిల్లలకి ఎక్కువ నష్టం చేసేదీ ఇదే. ఆ కారణంతో సీటు నిరాకరించడం చట్టవిరుద్ధం. మీరిచ్చిన వివరం అవసరమైన సిబ్బందికి తప్ప బయటికి పోకూడదు. తోటి విద్యార్థులకు అసలే తెలియదు. సాయం ఎక్కువ అవసరమైన పిల్లలకు ఈహెచ్‌సీ ప్లాన్ (చదువు, ఆరోగ్యం, సంరక్షణలో అందాల్సిన సాయం రాసి ఉండే అధికారిక ప్రణాళిక) ఉంటే అది అవసరాన్ని బట్టి 25 ఏళ్ల వరకూ కొనసాగవచ్చు.

దాచిపెడితే ఏమవుతుందో చెబుతాను. జీసీఎస్ఈలో 25 శాతం అదనపు సమయం కావాలంటే పరీక్షకి ముందు అడిగితే ఇచ్చేది కాదు. పరీక్షించి నిర్ధారించాలి, ఏడాది పొడవునా క్లాసులో కూడా విద్యార్థి అలాగే పనిచేస్తున్నాడని కాలేజీ చూపించాలి. వేసవి పరీక్షలకు దరఖాస్తు గడువు మార్చిలోనే ముగుస్తుంది, పెద్ద అక్షరాల ప్రశ్నపత్రాల్లాంటివి కావాలంటే జనవరి ఆఖరికే. మే నెలలో తల్లో తండ్రో వచ్చి "చిన్నప్పట్నుంచీ చదవడం కష్టమేనండీ, చెప్పడానికి భయపడ్డాం" అంటే, అప్పటికి మేం చేయగలిగింది చాలా తక్కువ. సెప్టెంబరులో ఎన్‌రోల్‌మెంట్ రోజునే లెర్నింగ్ సపోర్ట్ వాళ్లని కలవండి, స్కూలు నుంచి ఏ కాగితం ఉన్నా వెంట తీసుకెళ్లండి. కాగితం లేకపోయినా వెళ్లండి.