సీపీఆర్: అపోహలు – వాస్తవాలు

బెంగళూరులో ఎమర్జెన్సీ డాక్టర్‌ని. ఆదివారం డ్యూటీ లేకపోతే మారతహళ్ళి చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లలో సీపీఆర్, అంటే గుండె ఆగినవాళ్ళకు ఛాతీ నొక్కి రక్తం ఆడించడం, నేర్పుతుంటాను. వచ్చేవాళ్ళలో మనవాళ్ళే ఎక్కువ కాబట్టి క్లాసు పది నిమిషాల్లో తెలుగులోకి దిగిపోతుంది. అక్కడ నేను తరచూ వినే మాటలివి.

అపోహ: గురక పెడుతున్నాడంటే ఊపిరి ఆడుతున్నట్టే.

కాదు. గుండె ఆగిన మొదటి నిమిషాల్లో కొందరు నోరు తెరిచి ఉండుండి ఎగపీలుస్తారు, గురకలాంటి చప్పుడు వస్తుంది. అది ఊపిరి కాదు. పిలిచినా తట్టినా పలకడం లేదు, ఊపిరి మామూలుగా లేదు అంటే 108కి ఫోన్ చేయించి నొక్కడం మొదలుపెట్టండి. నాడి కోసం వెతకొద్దు. ఆ టెన్షన్‌లో మాకే ఒక్కోసారి దొరకదు.

అపోహ: గట్టిగా నొక్కితే పక్కటెముకలు విరుగుతాయి.

విరగొచ్చు. ఎముక తర్వాత అతుక్కుంటుంది. పెద్దవాళ్ళకు ఛాతీ మధ్యలో కనీసం 5 సెంటీమీటర్లు దిగాలి, 6 దాటకూడదు. మంచం మీదైతే పరుపే దిగుతుంది, ఛాతీ కాదు. మనిషిని నేల మీదికి దించండి.

అపోహ: మధ్యమధ్యలో ఆగి, లేచాడేమో చూసుకోవాలి.

ప్రాణాల మీదికి తెచ్చేది ఇదే. మా ఊళ్ళో చేతిపంపు ఉండేది. నాలుగైదు సార్లు కొడితే గానీ ధార పడేది కాదు, ఆపితే నీళ్ళు కిందికి జారిపోయేవి. ఇక్కడా అంతే. వరసగా నొక్కుతూ పోతే గుండె రక్తనాళాల్లో ఒత్తిడి మెల్లగా పెరుగుతుంది, చేయి తీయగానే పడిపోతుంది, మళ్ళీ మొదటికొస్తుంది. ఎంత బాగా చేసినా మామూలు రక్తప్రసరణలో మూడో వంతుకు మించి రాదు. అందులోనూ కోత పెడితే మెదడుకు ఏం మిగులుతుంది?

ప్రతి నొక్కుకీ ఛాతీ పూర్తిగా పైకి లేవాలి. అప్పుడే గుండెలోకి రక్తం వస్తుంది. అలసినవాళ్ళు తెలియకుండానే ఛాతీ మీద వాలిపోతారు. మొన్న ఒక జిమ్ కుర్రాడు "నాకేం అలుపు లేదు సార్" అంటూనే ఉన్నాడు. క్లాసులో నొక్కి నేర్చుకునే బొమ్మకున్న మీటరు మాత్రం రెండో నిమిషానికే లోతు తగ్గిందని చూపించింది. అందుకే అలుపు లేకపోయినా 2 నిమిషాలకోసారి మనిషి మారాలి.

వేగం నిమిషానికి 100 నుంచి 120. ఇక్కడ తెలుగుతో ఒక చిక్కుంది. పది దాటితే అంకెలు పొడుగు, 'ఇరవైతొమ్మిది' అనేలోపు చేయి నెమ్మదిస్తుంది. అందుకే ఒకటి నుంచి పది వరకే మళ్ళీ మళ్ళీ లెక్కపెట్టమంటాను.

అపోహ: నోట్లో గాలి ఊదడం రాకపోతే మనం చేయగలిగిందేం లేదు.

శిక్షణ లేనివాళ్ళు నొక్కితే చాలు, ఆపకుండా. నీళ్ళలో మునిగినవాళ్ళకు మాత్రం గాలి ఇవ్వడం ముఖ్యం.

అపోహ: గుండె ఆగితే గట్టిగా దగ్గాలి.

వాట్సాప్ వైద్యం. గుండె ఆగినవాడికి స్పృహే ఉండదు, ఇక దగ్గేదెవరు?

అపోహ: అంబులెన్స్ కోసం ఆగకుండా కారులో వేసుకుని వెళ్ళిపోవడం మేలు.

ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్ మీకు తెలిసిందే. వెనక సీట్లో, తల ఒళ్ళో పెట్టుకుని తెస్తారు. దారి పొడుగునా ఛాతీ మీద ఒక్క చెయ్యి కూడా పడి ఉండదు. సీపీఆర్ లేకుండా గడిచే ఒక్కో నిమిషానికి బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గుతుంది. ఇంట్లో నేల మీద ఇద్దరు మార్చుకుంటూ నొక్కుతుంటే, మూడోవాళ్ళు గేటు దగ్గర నిలబడి అంబులెన్స్‌కి దారి చూపించొచ్చు. లిఫ్ట్ కూడా కిందే ఆపి ఉంచమనండి.