ట్రూజెట్‌ను ముంచింది సబ్సిడీ ఆగడమేనా?

2025 డిసెంబర్‌లో ఇండిగో వేల విమానాలు రద్దు చేసి దేశమంతా జనాన్ని ఎయిర్‌పోర్టుల్లో పడేసింది. అదే నెలలో కేంద్రం అల్ హింద్ ఎయిర్, ఫ్లైఎక్స్‌ప్రెస్ అనే రెండు కొత్త విమాన సంస్థలకు ఎన్‌ఓసీలు (తొలి దశ అనుమతులు) ఇచ్చింది. ఫ్లైఎక్స్‌ప్రెస్‌ది హైదరాబాదేనని తెలియగానే పాత వాదన మళ్లీ లేచింది: శంషాబాద్ నుంచి చిన్న సంస్థ ఏదైనా లాభాలతో నడవగలదా, లేక దీనికీ 2022లో ఆగిపోయిన హైదరాబాద్ విమాన సంస్థ ట్రూజెట్ గతేనా?

ట్రూజెట్ ఎలా పుట్టింది, హీరో రామ్‌చరణ్ పేరు దానితో ఎలా ముడిపడింది అన్నవి అందరికీ తెలిసినవే. చిన్న ఊళ్లకు చౌకగా విమానాలు నడిపించే కేంద్ర పథకం ఉడాన్ ఇచ్చిన సబ్సిడీ అయిపోయాక కూలిపోయిందని చాలామంది అంటారు. అందులో కొంత నిజముంది. 2017లో ఉడాన్ మొదలైనప్పుడు ఆ రూట్లలో గంట ప్రయాణానికి సగం సీట్లు 2,500 రూపాయల లోపు అమ్మాలి, ఆ నష్టాన్ని మూడేళ్లు ప్రభుత్వం భరించేది, ఆ మూడేళ్లూ పోటీ ఉండేది కాదు. కడప–హైదరాబాద్ 2017 ఏప్రిల్ 27న అలాగే మొదలైంది. కానీ 2015 నుంచే ట్రూజెట్ నడుపుతున్న తిరుపతి, రాజమండ్రి రూట్లకు ఆ రక్షణ ఎక్కడిది?

నా లెక్కలో అసలు దెబ్బ 2017 డిసెంబర్ 21న పడింది. ఆ రోజు ఇండిగో మొదటి ఏటీఆర్ (ట్రూజెట్ కూడా నడిపిన చిన్న ప్రొపెల్లర్ విమానం) శంషాబాద్ నుంచి మంగళూరుకు వెళ్లింది, కొద్ది రోజులకే ఆ విమానాలు తిరుపతికీ రాజమండ్రికీ కూడా వచ్చాయి. అంతకుముందే 50 ఏటీఆర్‌లకు ఒప్పందం చేసుకున్న సంస్థ అది. విమానం రకం అదే, దూరం అదే, తేడా అంతా దిగాక. రాజమండ్రి నుంచి ఢిల్లీ వెళ్లేవాళ్లకు ఇండిగోలో ఒకటే టికెట్, బ్యాగు నేరుగా ఢిల్లీలో తీసుకోవచ్చు. ట్రూజెట్‌లో వచ్చినవాళ్లు శంషాబాద్‌లో బెల్టు దగ్గర బ్యాగు కోసం నిలబడి, పైకెళ్లి మళ్లీ చెకిన్, మళ్లీ సెక్యూరిటీ, మొదటి విమానం లేటయితే రెండో టికెట్ డబ్బులు గోవిందా. కాబట్టి ట్రూజెట్‌కు మిగిలింది హైదరాబాద్‌లోనే దిగిపోయేవాళ్లు, వాళ్లేమో రాత్రి బస్సెక్కితే పొద్దున్నే ఇంటి దగ్గరే దిగొచ్చు.

పోటీ వల్లే ఛార్జీలు తగ్గాయి, సర్వీసులు పెరిగాయి అని ఇండిగో వైపు వాళ్లు అంటారు. ఆ సంవత్సరాల్లో అది నిజమే.

కోవిడ్, పెట్టుబడిదారుల చర్చలు, జీతాల బకాయిలు ఇవన్నీ ఆ తర్వాత. 2022 ఫిబ్రవరిలో ట్రూజెట్ ఆగిపోయింది. మార్చి చివర్లో కడప నుంచి ఇండిగో మొదలుపెట్టింది, రాష్ట్ర ప్రభుత్వం లోటు భర్తీ చేస్తానన్నాకే. అంటే అంత పెద్ద సంస్థ కూడా సొంత రిస్కు మీద కడపకు రాలేదు, ఇది మాత్రం ఎవరూ గుర్తు చేయరెందుకో. ఉడాన్ మూడో విడత వరకు కేటాయించిన 774 రూట్లలో మూడేళ్లు పూర్తిచేసినవి 112, ఆ తర్వాతా నిలబడినవి 54 అని ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ 2023లో తేల్చింది.

కొత్తవాళ్లు ఎన్ని ఏటీఆర్‌లు తెస్తారన్నది తర్వాత చూద్దాం. వాళ్ల ప్రయాణికులను శంషాబాద్ నుంచి ముంబైకో దుబాయ్‌కో ఒకే టికెట్ మీద తీసుకెళ్లడానికి ఏ పెద్ద సంస్థ ఒప్పుకుంటుందో ముందు అది చెప్పమనండి.