మంచుకాలంలో చిన్న విమానాలు: అపోహలు - వాస్తవాలు

అపోహ: రెక్కల మీద ఉన్నది పొడి మంచేగా, రన్‌వే మీద పరుగందుకుంటే అదే ఎగిరిపోతుంది.

వాస్తవం: పైపొర ఎగిరిపోవచ్చు. అడుగున రేకుకు అతుక్కుని గడ్డకట్టినది కదలదు. వెచ్చటి హ్యాంగర్‌లోంచి విమానాన్ని మంచులోకి లాగితే ఆ పొర తయారైనట్టే. ఉప్పుకాగితమంత గరుకు చాలు, లిఫ్ట్ (విమానాన్ని పైకి లేపే బలం) 30 శాతం తగ్గిపోవచ్చు, డ్రాగ్ (గాలి వెనక్కి లాగే బలం) 40 శాతం దాకా పెరగొచ్చు. హెచ్చరించే స్టాల్ హారన్ మోగకముందే విమానం స్టాల్ అయ్యే (రెక్కలు లిఫ్ట్ కోల్పోయే) ప్రమాదం కూడా ఉంది. దూరం నుంచి చూసి సరే అనుకోవద్దు. గ్లవ్ తీసి రెక్క ముందంచు, పైభాగం, తోక వేళ్లతో తడమండి. వేడినీళ్లు మాత్రం పోయకండి. అవి ఐలెరాన్ (రెక్క వెనకంచున కదిలే పలక) కీళ్లలోకి జారి అక్కడే గడ్డకడతాయి. ఫ్రాస్ట్‌ను (రెక్కపై పేరుకున్న పలుచటి మంచుపొరను) నున్నగా రుద్దితే చాలనే పాత వెసులుబాటును అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ 2010లోనే తీసేసింది.

అపోహ: ఇంజిన్ స్టార్టయితే ఇక భయం లేదు.

వాస్తవం: సిలిండర్లకు కాస్త వెచ్చగాలి తగిలినా ఇంజిన్ స్టార్టవుతుంది. సంప్‌లో (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలో), కూలర్‌లో, గొట్టాల్లో ఆయిల్ మాత్రం ముద్దగానే ఉంటుంది, బేరింగులకు అందదు. మైనస్ 7 డిగ్రీల సెల్సియస్ దాటి చలి ముదిరితే సంప్‌తో సహా మొత్తాన్నీ ప్రీహీట్ చేయడం (స్టార్ట్‌కు ముందే వేడెక్కించడం) మంచిది. మీ ఇంజిన్ మాన్యువల్ వేరే అంకె చెబితే అదే పాటించండి. స్టార్ట్ చేశాక మాన్యువల్ ఇచ్చిన గడువులో ఆయిల్ ప్రెషర్ రాకపోతే వెంటనే ఆపేయండి.

చాలామంది వదిలేసేది బ్రీదర్ గొట్టాన్ని, అంటే ఇంజిన్ లోపలి ఆవిరిని బయటికి వదిలే గొట్టాన్ని. క్రాంక్‌కేస్ (ఇంజిన్ కింది పెట్టె) లోంచి వచ్చే ఆవిరి దాని మూతి దగ్గర గడ్డకడితే లోపలి ఒత్తిడి ప్రొపెల్లర్ వెనకున్న సీల్‌ను తన్నేస్తుంది, ఆయిలంతా బయటికి పోతుంది. ఇందుకే చాలా గొట్టాలకు కాస్త పైన, వెచ్చగా ఉండే చోట, ఇంకో చిన్న రంధ్రం పెడతారు. ప్రీఫ్లైట్‌లో (ఎగరే ముందు తనిఖీలో) గొట్టం మూతి, ఆ రంధ్రం రెండూ చూడండి.

అపోహ: గడ్డకట్టే చలిలోనే కార్బురేటర్ ఐసింగ్ (ఇంధనాన్ని గాలితో కలిపే కార్బురేటర్‌లో మంచు పేరుకోవడం) వస్తుంది.

వాస్తవం: గాలిలో తేమ ఉంటే 20 డిగ్రీల దగ్గరా వస్తుంది. కార్బ్ హీట్ (కార్బురేటర్‌కు వేడిగాలి పంపే మీట) పూర్తిగా లాగండి. కరిగిన నీళ్లు లోపలికి పోతుంటే ఇంజిన్ కాసేపు తడబడుతుంది. బెదిరి హీట్ మూసేయకండి.

అపోహ: క్యూఎన్‌హెచ్ (సముద్రమట్టానికి లెక్కగట్టిన గాలి ఒత్తిడి) సరిగ్గా పెడితే ఆల్టిమీటర్ (ఎత్తు చూపే పరికరం) నిజమే చెబుతుంది.

వాస్తవం: ఎయిర్‌ఫీల్డ్‌లో మైనస్ 30 ఉంటే, దానికి 1000 అడుగుల ఎత్తున ఉన్నామని ఆల్టిమీటర్ చూపే వేళ మీరు అంతకన్నా దాదాపు 190 అడుగులు కింద ఉంటారు. కొండల మధ్య ఈ తేడా ప్రాణాంతకం.

అపోహ: హీటర్‌లోంచి విషవాయువు వస్తే వాసన పట్టేయొచ్చు.

వాస్తవం: కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు. సైలెన్సర్ పగిలితే అది హీటర్ గాలితో కలిసి క్యాబిన్‌లోకి వస్తుంది. ఎలక్ట్రానిక్ డిటెక్టర్ పెట్టుకోండి. అది మోగినా, తలనొప్పి మొదలైనా హీటర్ కట్టేసి, వెంట్లు తెరిచి, దగ్గరలోని రన్‌వే మీద దిగండి.